కానుకయా? కూపనా?

(బందరు, గుడివాడ, దివిసీమ ప్రాంత సంఘముల కార్యదర్శులు, కోశాధికారులు, స్త్రీల సమాజ, యువజన సమాజ ప్రతినిధుల కూడికలో చేసిన ప్రసంగ పాఠము)



శతాబ్ది సంవత్సరములో ప్రతి సంఘమునకు ఏదో ఒక పని తలపెట్టవలెనన్న ఆశ కలుగుట సహజము. ఒకచోట గుడి పైకప్పు, ఒకచోట ప్రహరీ గోడ, మరొకచోట పిల్లల హాస్టలు మరమ్మతు. పని పెద్దది, చేతిలో డబ్బు చిన్నది. అప్పుడు కమిటీలో ఎవరో ఒకరు లేచి, "కూపన్లు వేద్దామండీ, లక్కీ డ్రా తీద్దాము. మొదటి బహుమతి మోటారు సైకిలు పెడితే ఊరంతా కొంటుంది" అంటారు. ఇంకొకరు అందుకొని, "మున్సిపాలిటీలో ఫీజు కట్టి పర్మిషన్ తెచ్చుకుంటే సరిపోతుంది గదా" అంటారు. ఈ రెండు మాటలను గూర్చియే నేడు మాట్లాడవలెనని మాకు అప్పగించారు. మొదటి మాట మంచిదా కాదా అని ఆలోచించుటకు ముందు, రెండవ మాట నిజమా కాదా అని తేల్చుకొనుట మంచిది.

మున్సిపాలిటీకి అధికారము ఉన్నదా?

బందరు పురపాలక సంఘము 1866లో ఏర్పడి, 2015లో నగరపాలక సంస్థ అయినది. గుడివాడ పురపాలక సంఘము 1937 నాటిది. దివిసీమ గ్రామములలో పంచాయతీలు ఉన్నవి. దుకాణమునకు ట్రేడ్ లైసెన్సు, ఇంటి ప్లానుకు మంజూరు, వీధిలో పందిరి వేసుకొనుటకు అనుమతి, ప్రకటన బోర్డుకు రుసుము, ఇటువంటి పనులకు మనము వాటి వద్దకు వెళ్తాము. కాని లాటరీకి అనుమతి ఇచ్చు అధికారము వీటిలో ఏ ఒక్కదానికిని లేదు. పట్టణ పాలక సంస్థలకు అప్పగింపదగిన పనులు 18 అని రాజ్యాంగము పన్నెండవ షెడ్యూలులో లెక్కపెట్టి చెప్పినది. అందులో లాటరీ లేదు. ప్రభుత్వములు నడుపు లాటరీలు కేంద్ర జాబితాలో 40వ అంశము. పందెములు, జూదము రాష్ట్ర జాబితాలో 34వ అంశము. మున్సిపల్ ఆఫీసులో మనము కట్టిన ఫీజుకు వచ్చిన రశీదు పందిరికి వచ్చినదే గాని, డ్రాకు వచ్చినది కాదు. ఈ భేదము తెలియక చాలామంది ఆ రశీదునే లైసెన్సు అనుకొందురు.

మరి చట్టము ఏమి చెప్పుచున్నది? 1870లో భారత శిక్షాస్మృతిలో 294-ఎ అను సెక్షను చేర్చారు. 2024 జూలై 1 నుండి శిక్షాస్మృతి స్థానములో భారతీయ న్యాయ సంహిత వచ్చినది. అందులో ఇదియే 297వ సెక్షను. ప్రభుత్వము నడుపునది గాని, రాష్ట్ర ప్రభుత్వము అనుమతించినది గాని కాని లాటరీని తీయుటకై ఆఫీసు లేక స్థలము పెట్టినవారికి ఆరు నెలల వరకు ఖైదు, లేక జరిమానా, లేక రెండును. అటువంటి లాటరీలో ఫలానా నంబరు వస్తే ఫలానా వస్తువు ఇస్తామని ప్రకటించినవారికి పూర్వము వెయ్యి రూపాయల వరకు జరిమానా ఉండేది, ఇప్పుడు అయిదు వేల వరకు. మనము అచ్చు వేయించు కూపను అటువంటి ప్రకటన కాక మరేమిటి?

సహోదరులారా, ఆ సెక్షనును మేము ఒకటికి రెండుసార్లు చదివి చూచాము. గుడి కొరకైతే ఫర్వాలేదనియు, అనాథల కొరకైతే ఫర్వాలేదనియు అందులో ఎక్కడను లేదు. మన సొసైటీ రిజిస్టరు అయినదను కాగితము కూడ దీనికి అనుమతి కాదు. అనుమతి ఇవ్వగలిగినది ఒక్క రాష్ట్ర ప్రభుత్వమే.

ఏది లాటరీ, ఏది కాదు

ఇది విని కొందరు భయపడి, "అయితే కోత పండుగలో వేలము కూడ ఆపవలెనా?" అని అడుగవచ్చును. అక్కరలేదు. లాటరీకి మూడు అంగములు ఉండవలెనని మన సుప్రీంకోర్టు 1980లలోని తీర్పులలో వివరించినది: బహుమతి ఉండవలెను, అది అదృష్టము మీద ఆధారపడవలెను, పాల్గొనువాడు అందుకై డబ్బు చెల్లించవలెను. మూడును కూడినప్పుడే లాటరీ.

కోత పండుగనాడు గుమ్మడికాయను, కోడిపుంజును, అరటి గెలను వేలము వేసినప్పుడు, పాడినవాడు ధర చెల్లించి వస్తువు తీసికొనును. అక్కడ అదృష్టము లేదు. పాటల పోటీ, ముగ్గుల పోటీ, వాక్య పరీక్షలకు ప్రవేశ రుసుము పెట్టినను గెలుపు నేర్పు వలన వచ్చును. ఆదివారపు బడి పిల్లలందరి పేర్లు చీటీలపై వ్రాసి ఊరకే ఒకరికి బైబిలు ఇచ్చినచో అక్కడ డబ్బు చెల్లింపు లేదు. కాని యాభై రూపాయల కూపను కొని, డబ్బాలోని చీటీ వలన ఫ్రిజ్జు పొందుటలో మూడును ఉన్నవి. దానికి "లక్కీ డ్రా" అనియు, "సహాయ నిధి కూపను" అనియు, "ఆశీర్వాద చీటీ" అనియు ఏ పేరు పెట్టినను పేరు మారునే గాని పని మారదు.

ఈ ఆలోచన ఎక్కడనుండి వచ్చినది?

గుడికి లాటరీ అను మాట కొత్తది కాదు. కలకత్తాలో 1787లో ప్రతిష్ఠింపబడిన సెయింట్ జాన్స్ చర్చి కట్టుటకు నిధిలో ఒక భాగము లాటరీ వలననే వచ్చినది. ఆ నగరపు టౌన్ హాలు 1813లో లాటరీ డబ్బుతో లేచినది. 1817లో ఏర్పడిన లాటరీ కమిటీ అక్కడ రోడ్లు వేయించినది. తరువాత ప్రభుత్వమువారే మనసు మార్చుకొని, 1844లో అయిదవ చట్టము చేసి, తమ అనుమతి లేని లాటరీలన్నిటిని నిషేధించారు. 1870 నాటి సెక్షను ఆ దారిలో వచ్చినదే.

స్వాతంత్ర్యము వచ్చిన తరువాత 1967లో కేరళ ప్రభుత్వము సొంత లాటరీ ప్రారంభించినది. అది నేటికిని నడచుచున్నది. తమిళనాడు కూడ ఆ దశాబ్దములోనే మొదలుపెట్టి, పేద కుటుంబములు గుల్లయగుట చూచి 2003లో అన్ని లాటరీలను మానివేసినది. ప్రభుత్వము నడిపినంత మాత్రమున జూదము జూదము కాకపోదని సుప్రీంకోర్టు 1999లో స్పష్టము చేసినది. కనుక "కేరళలో ప్రభుత్వమే చేయుచున్నది గదా" అను వాదము మనకు అక్కరకు రాదు.

ఇక విదేశములలో స్థిరపడిన మన బిడ్డలు సెలవులకు ఇంటికి వచ్చి, "మా సంఘములో రాఫిల్ పెట్టి ఇంత పోగుచేశాము, మీరు కూడ చేయరాదా?" అందురు. వారు చెప్పునది నిజమే. కెనడాలోని ఒంటారియోలో మత సంస్థలకు, ధర్మ సంస్థలకు చిన్న రాఫిల్ లైసెన్సులను మున్సిపాలిటీలే ఇచ్చును. ఇంగ్లండులో 2005 నాటి గ్యాంబ్లింగ్ చట్టము క్రింద చిన్న సంఘముల లాటరీలు స్థానిక కౌన్సిలులో రిజిస్టరు కావలెను. అక్కడ ఉన్న కిటికీ ఇక్కడ లేదు. అయితే ఆ కిటికీ వద్ద ఏమి ప్రశ్నలు అడుగుదురో మనము వినదగినది.

ఒంటారియోలో ఏ ధర్మకార్యమునకో ముందుగానే వ్రాసి ఇవ్వవలెను. లాటరీ డబ్బుకు వేరే బ్యాంకు ఖాతా, ఇద్దరి సంతకములు ఉండవలెను. టికెట్లకు వరుస నంబర్లు, వాటిపై లైసెన్సు నంబరు ఉండవలెను. డ్రా అయిన తరువాత లెక్క అప్పగింపవలెను. ఇంగ్లండులో చిన్న సంఘపు లాటరీ ఒక్కొక్కటి 20,000 పౌండ్లు దాటరాదు. వచ్చిన దానిలో కనీసము నూటికి 20 వంతులు ధర్మకార్యమునకే చేరవలెను. పదహారేండ్లు నిండని పిల్లలకు టికెట్టు అమ్మరాదు. సంఘము వ్రాతపూర్వకముగా నియమించిన ఇద్దరు సభ్యులు సంతకము చేసిన లెక్క మూడు నెలల లోపల కౌన్సిలుకు చేరవలెను.

చూచితిరా? అక్కడ లైసెన్సు అనగా ఫీజు కట్టి తెచ్చుకొను కాగితము కాదు. ఎవరి కొరకు, ఎంత వచ్చినది, ఎంత చేరినది, ఎవరు బాధ్యులు అను నాలుగు ప్రశ్నలకు జవాబుదారి అగుట. మన బిడ్డలు మనకు రాఫిల్ సంగతి చెప్పుదురు గాని, దాని వెనుకనున్న ఈ లెక్క సంగతి చెప్పుట మరచిపోవుదురు.

ఒక చిన్న లెక్క

ఆ ప్రశ్నలనే మన కూపన్ల పుస్తకమును అడిగి చూద్దాము. ఇది ఊహకు వేసిన లెక్క మాత్రమే, ఏ సంఘమును ఉద్దేశించినది కాదు. మోటారు సైకిలు మాట అటుంచి, ఒక ఫ్రిజ్జు, ఒక మిక్సీ, కొన్ని స్టీలు బిందెలు పెట్టామనుకొందము. యాభై రూపాయల కూపన్లు 2,000 అచ్చు వేశాము. తిరిగి తిరిగి 1,400 అమ్మాము. వచ్చినది 70,000 రూపాయలు. బహుమతులకు 32,000 అయినది. అచ్చు, మైకు, షామియానా, ప్రయాణపు ఖర్చులకు 10,000 అయినది. గుడికి మిగిలినది 28,000.

అనగా ప్రతి యాభై రూపాయల కూపనులో గుడికి చేరినది ఇరువది రూపాయలే. కొన్నవాడు యాభై ఇచ్చానని అనుకొనుచున్నాడు. ఆ 1,400 మంది మన చేతిలో తలా ఇరువది రూపాయలు ఊరకే పెట్టియుంటే, ఫ్రిజ్జు లేకుండ, షామియానా లేకుండ, చట్టమునకు భయపడకుండ, అదే 28,000 వచ్చియుండేది. "ఊరకే అడిగితే ఎవరిస్తారండీ?" అని మీరందురు. అసలు ప్రశ్న అదియే. ఇరువది రూపాయలు ఊరకే ఇవ్వనివాడు యాభై ఎందుకిచ్చాడు? ఫ్రిజ్జు కొరకు. అప్పుడు మనము పోగుచేసినది అతని దాతృత్వమును కాదు, అతని ఆశను.

ఎవరు కొందురు, ఎవరు బాధ్యులు?

కూపను ఎవరు కొందురో కూడ చూడుడి. ధాన్యపు మిల్లు యజమాని మొగమాటమునకు ఒకటి తీసికొనును. నాగాయలంక వైపు వేటకు పోవు కుటుంబములు, కౌలు రైతులు, పెడనలో అద్దకపు పని చేయు స్త్రీలు, చిలకలపూడిలో గిల్టు నగల పని చేయువారు "మా అదృష్టము ఎలా ఉన్నదో" అని మూడు, నాలుగు తీసికొందురు. లేనివానికే అదృష్టము మీద ఆశ ఎక్కువ. గుడి మెట్ల మీద ఆ ఆశను అమ్ముట మనకు తగునా?

అమ్మువారు ఎవరు? మన యువజనులు, కొన్నిచోట్ల ఆదివారపు బడి పిల్లలు. కూపను మీద అచ్చయినది ఎవరి ఫోను నంబరు? కార్యదర్శి తమ్మునిది. రేపు డ్రాలో వచ్చిన పేరు కమిటీవారి బంధువుదైతే ఊరిలో గుసగుసలు పుట్టును. కోపము వచ్చినవాడెవడైన స్టేషనుకు ఫిర్యాదు ఇచ్చినచో, ఆ తమ్ముడే వెళ్లి నిలబడవలెను. ఉద్యోగమునకు, పాస్‌పోర్టుకు పోలీసు విచారణ జరుగు వయస్సులో ఉన్న బిడ్డ వాడు. సంఘమునకు ప్రేమతో సేవ చేసిన పాపమునకు వానికి ఆ చిక్కు ఎందుకు తేవలెను?

మరియొకటి. మన ఇండ్లలో ఇప్పుడు తల్లులు ఏడ్చుచున్నది దేనిని గూర్చి? ఫోనులో ఆటలాడి, అప్పులు చేసి, ఇల్లు విడిచిన కుమారులను గూర్చి. 1974 నాటి మన రాష్ట్ర గేమింగ్ చట్టమును 2020లో సవరించి, ఆన్‌లైనులో డబ్బు పెట్టి ఆడు ఆటలను నిషేధించారు. 2025లో కేంద్ర ప్రభుత్వము కూడ అటువంటి చట్టమే చేసినది. ఆదివారము ఉదయము ప్రసంగ పీఠము మీద నుండి ఆ జూదమును ఖండించి, ఆరాధన ముగిసిన తరువాత ద్వారము వద్ద కూపన్లు అమ్మినచో, ఆ కుమారుడు మన మాట ఎట్లు వినును?

వినాయక చవితి పందిళ్లలో లడ్డూకు లక్కీ డ్రా తీయుట లేదా అని కొందరు అందురు. పొరుగువారిని విమర్శించుట మా పని కాదు. చట్టము అందరికి ఒక్కటే. మన ఇల్లు మనము చక్కబెట్టుకొనుట గూర్చియే మేము మాట్లాడుచున్నాము.

చీటీలు వేయుట వాక్యములో లేదా?

ఉన్నది. వేదాంత కళాశాలలో చదువుకొనునప్పుడు ఈ ప్రశ్న మీద మేము మిత్రులతో ఎంతో వాదించియున్నాము. యెహోషువ చీట్లు వేసి గోత్రములకు భూమి పంచెను. అపొస్తలుల కార్యములు మొదటి అధ్యాయములో చీటీ మత్తీయ పేరట వచ్చెను. కాని అక్కడ ఎవరును డబ్బిచ్చి చీటీ కొనలేదు, ఒకరి నష్టము మరొకరికి బహుమతి కాలేదు. అందరికి న్యాయము జరుగవలెనని, మనుష్యుని పక్షపాతము తొలగవలెనని చీటీ వేశారు. లాభము కొరకు వేసిన చీటీలను సువార్తలలో చూడవలెనంటే సిలువ క్రిందికి వెళ్లవలెను. అక్కడ సైనికులు ప్రభువు అంగీ కొరకు చీట్లు వేసికొనిరి.

ఇక డబ్బు పోగుచేయుటను గూర్చి కొరింథీయులకు వ్రాసిన రెండవ పత్రిక ఎనిమిది, తొమ్మిది అధ్యాయములు చదువుడి. యెరూషలేములోని బీదల కొరకు పౌలు చందా పోగుచేసెను. సణుగుకొనకుండ, బలవంతము లేకుండ, సంతోషముగా ఇవ్వుడని అడిగెను. అంతటితో ఆగక, ఆ డబ్బు విషయములో తనపై ఎవరును నింద మోపకుండునట్లు, సంఘములు ఏర్పరచిన సహోదరుని వెంటబెట్టుకొని వెళ్లెను. దేవుని యెదుట మాత్రమే గాక మనుష్యుల యెదుట కూడ యోగ్యముగా ఉండవలెనని ఆయన తలంపు. ఇంగ్లండు కౌన్సిలు అడుగు రెండు సంతకములు, ఒంటారియో అడుగు వేరే ఖాతా మనకు కొత్త పాఠములు కావు.

అయితే ఏమి చేయవలెను?

కూపన్లు వద్దని చెప్పి, గుడి పైకప్పు సంగతి చెప్పకుండ వెళ్లిపోవుట న్యాయము కాదు. ఈ నేలలో పెద్ద కార్యములు బహుమతి ఆశ చూపకుండ జరిగినవని మనకు తెలియును. 1910లో బందరులో ఆంధ్ర జాతీయ కళాశాలను కోపల్లె హనుమంతరావు, భోగరాజు పట్టాభి సీతారామయ్య, ముట్నూరి కృష్ణారావు గారలు ప్రజల చందాలతో నిలబెట్టారు. 1977 నవంబరు 19న ఉప్పెన దివిసీమను ముంచి, వేలాది ప్రాణములను తీసికొనిపోయినప్పుడు, ఎన్.టి. రామారావు, అక్కినేని నాగేశ్వరరావు గారలు జోలె పట్టి వీధులలో తిరిగారు. రిక్షా త్రొక్కువారు కూడ ఆ జోలెలో చిల్లర వేశారు. నంబరు పలుకునని ఎవరును వేయలేదు, సొర్లగొంది వంటి ఊళ్ల దుఃఖము చూచి వేశారు.

మన తల్లుల పిడికెడు బియ్యమును మరువకుడి. వంటకు ముందు ఒక పిడికెడు తీసి కుండలో వేసి, ఆదివారము తెచ్చి పీఠము ముందు పోయుట వలననే మన గ్రామ సంఘములలో ఎన్నో గుళ్లు లేచినవి. 1912లో దోర్నకల్ బిషప్పుగా అభిషేకము పొందిన అజరయ్యగారు బీద సంఘములకు కూడ ఇచ్చుట నేర్పవలెనని నమ్మి, క్రైస్తవ దానమును గూర్చి పుస్తకమే వ్రాశారు. బీదవానిని ఇవ్వలేనివాడుగా ఆయన చూడలేదు. బీదవానికి కూపను అమ్మువాడు మాత్రము, వాడు ఊరకే ఇవ్వడని ముందే తీర్పు తీర్చుచున్నాడు.

కనుక మీ కమిటీల ముందు మేము ఉంచు సలహాలు ఇవి.

మొదటిది, డబ్బు పెట్టి కొను డ్రా కూపన్లు ఏ పేరుతోనైనను వేయవద్దు. ఇప్పటికే అచ్చు వేసియుంటే అమ్మకము ఆపి, అమ్మినవాటి డబ్బు తిరిగి ఇచ్చివేయుడి. కానుకగా ఉంచుడని కొన్నవారు తామే చెప్పినచో, దానికి వేరే రశీదు వ్రాయుడి.

రెండవది, అడుగవలసిన మొత్తమును ముక్కలుగా చేసి అడుగుడి. ఒక సిమెంటు బస్తా, ఒక రేకు, ఒక కిటికీ. పేదవాడు పది ఇటుకలు ఇచ్చినను పది ఇటుకలు అని రశీదులో వ్రాయుడి.

మూడవది, కోత పండుగ వేలము, భోజన పంక్తులు, స్త్రీల సమాజపు పచ్చళ్లు, అరిసెల అమ్మకము, పాటల పోటీలు నిశ్చింతగా జరుపుడి. పండుగ సంతోషమును మేము తీసివేయుట లేదు. పందిరికి, మైకుకు కావలసిన అనుమతులు మాత్రము ముందుగానే తీసికొనుడి.

నాలుగవది, శతాబ్ది నిధికి వేరే బ్యాంకు ఖాతా, ఇద్దరి సంతకములు, వరుస నంబర్లు గల రశీదు పుస్తకములు ఉంచుడి. పని ముగిసిన మూడు నెలల లోపల జమాఖర్చులు గుడి గోడకు అంటించుడి. లైసెన్సు అడుగువాడు ఇక్కడ లేడు గనుక, ఆ ప్రశ్నలను మనలను మనమే అడుగుకొనవలెను.

అయిదవది, పిల్లల చేతికి డబ్బు పుస్తకములు ఇయ్యవద్దు. పెద్దలు ఇద్దరిద్దరుగా వెళ్లి అడుగుడి.

ఇట్లు చేసినచో ఈ సంవత్సరము మీ గోడ సగమే లేవవచ్చును. లేచినంతవరకు అది పూర్తిగా కానుకతో లేచిన గోడ. ఏ బిడ్డను స్టేషను మెట్లు ఎక్కించని గోడ. ఎవరి ఓటమి మీదను నిలువని గోడ. మిగిలిన సగమును వచ్చే కోత పండుగకు మొదలుపెట్టుదము. ఆ పనికి మొదటి రశీదు మా పేరనే వ్రాయుడి.